మూడో రిచర్డ్ మాట ఎక్కడ చెల్లకుండా పోయింది

మీరు అడిగింది ఇది: షేక్‌స్పియర్ ‘మూడో రిచర్డ్’ నాటకంలో మొదటి మూడు అంకాలూ అడ్డొచ్చిన ప్రతివాళ్ళనీ మాటలతోనే పడగొట్టిన మనిషి, కిరీటం పెట్టుకున్న క్షణం నుంచీ తడబడిపోతాడేమిటి? ఆ తెలివంతా ఏమైంది? ఇది పాత రాజు ఆరో హెన్రీ భార్య మార్గరెట్ శాపమా, అంతరాత్మ దెబ్బా, చివర్లో రిచర్డ్‌ని ఓడించి ఏడో హెన్రీగా రాజయ్యే రిచ్‌మండ్ బలమా, లేక నాటకం ముగించే తొందరలో రచయిత పాత్రనే మార్చేశాడా? ఎమ్మే పరీక్షకి చదువుతున్నానని కూడా రాశారు కనుక కాస్త వివరంగానే చెబుతాను.

ఈ నాటకాన్ని నేను 26 ఏళ్ళు పాఠం చెప్పాను. మొదట్లో అందరిలాగే శాపం, అంతరాత్మ, దైవన్యాయం అని మూడు శీర్షికలు పెట్టి నోట్సు రాయించేదాన్ని. తర్వాత పిల్లల్ని నిలబెట్టి, పాత్రలు పంచి కొన్ని రంగాలు చదివించడం మొదలుపెట్టాను. నోటితో పలికి వింటే తెలిసింది, పాత్ర ఎక్కడా మారలేదు. రిచర్డ్ ఆస్తి అంతా మాటే. సైన్యం కన్నా, వంశహక్కు కన్నా దాని మీదే బతికాడు. నమ్మేవాళ్ళు ఉన్నంతకాలం ఆ మాట చెల్లింది. నమ్మినవాళ్ళనే ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయాడు కాబట్టి, సింహాసనం ఎక్కేసరికి నమ్మడానికి మనుషులు కరువయ్యారు. నా సమాధానం ఇదే. ఇది నాటకంలో ఎక్కడెక్కడ కనబడుతుందో చూపిస్తాను.

ముందు ఆ మాట ఎంత పదునైనదో చూడండి. 1వ అంకం 2వ రంగం. ఆరో హెన్రీ శవాన్ని మోసుకెళ్తుంటే వెంట కోడలు లేడీ యాన్ ఏడుస్తూ నడుస్తోంది. ఆమె మామనీ, భర్తనీ చంపింది రిచర్డే. అతనే వచ్చి దారికి అడ్డంగా నిలబడతాడు. ఆమె తిడుతుంది, శపిస్తుంది, మొహాన ఉమ్మేస్తుంది. అతను మోకరిల్లి, కత్తి దూసి ఆమె చేతికిచ్చి, రొమ్ము చూపించి పొడవమంటాడు. కత్తి ఆమె చేతిలోంచి జారిపోతుంది. రంగం ముగిసేసరికి అతని ఉంగరం ఆమె వేలికి ఉంటుంది. ఆమె అటు వెళ్ళగానే మన వైపు తిరిగి, ‘దీన్ని దక్కించుకుంటాను, కానీ ఎక్కువకాలం ఉంచుకోను’ అంటాడు. చూశారా, అబద్ధం లోకానికి చెబుతాడు, నిజం మనకి చెబుతాడు. అందుకే అసహ్యం పుట్టాల్సిన చోట మనకి అతనితో ఒక చనువు పుడుతుంది. అతని మాటకి పడిపోయినవాళ్ళ జాబితాలో ప్రేక్షకులు కూడా ఉన్నారని మర్చిపోకండి.

3వ అంకం 4వ రంగానికి రండి. రిచర్డ్ అన్న నాలుగో ఎడ్వర్డ్ చనిపోయాక, అతని కొడుకు చిన్న ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఎప్పుడు పెట్టుకుందామని లండన్ టవర్‌లో పెద్దలు కూర్చున్నారు. రిచర్డ్ నవ్వుతూ వచ్చి, హోబర్న్‌లో మీ తోటలో మంచి స్ట్రాబెర్రీలు చూశాను, కొన్ని తెప్పించండని ఈలీ బిషప్పుని అడుగుతాడు. కాసేపు బయటికెళ్ళి తిరిగొచ్చేసరికి మొహం మారిపోయి ఉంటుంది. చచ్చుబడిన చెయ్యి చాపి, ఆ పిల్లవాడి తల్లి రాణి ఎలిజబెత్, నాలుగో ఎడ్వర్డ్ ఉంపుడుగత్తె జేన్ షోర్ కలిసి చేతబడి చేశారంటాడు. ఆ పెద్దల్లో ఒకడైన హేస్టింగ్స్ పాపం, ‘వాళ్ళే గనక చేసి ఉంటే...’ అని నోరు తెరుస్తాడు. ఆ ‘ఉంటే’ దగ్గరే పట్టుకుంటాడు రిచర్డ్. నా దగ్గరా ఈ ‘ఉంటే’లు? నువ్వే ద్రోహివి, వీడి తల తీసెయ్యండి, ఆ తల చూసేదాకా భోజనం చెయ్యను అంటాడు. తల వస్తుంది. ఈ ఆజ్ఞని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు పరీక్షల్లో ఎవరూ అడగని ఒక చిన్న రంగం. నాకు నాటకం మొత్తంలో ఇష్టమైనది ఇదే. 3వ అంకం 6వ రంగం, పద్నాలుగే పంక్తులు. ఒక లేఖరి చేతిలో కాగితం పట్టుకుని ఒంటరిగా వస్తాడు. పేరు లేదు, మళ్ళీ కనబడడు. అది హేస్టింగ్స్ మీద నేరారోపణ పత్రం, ఆ రోజు సెయింట్ పాల్స్ దగ్గర జనానికి చదివి వినిపించడానికి తయారైన సాఫు ప్రతి. అతను చేతివేళ్ళ మీద లెక్కపెట్టినట్టు చెబుతాడు: నిన్న రాత్రి రిచర్డ్ అనుచరుడు కేట్స్‌బీ చిత్తుప్రతి పంపాడు. దీన్ని సాఫు రాయడానికి నాకు పదకొండు గంటలు పట్టింది. ఆ చిత్తు రాయడానికీ అంతే పట్టి ఉంటుంది. హేస్టింగ్స్ అయితే ఐదు గంటల కిందటిదాకా ఏ నేరమూ మోపబడకుండా, ఏ విచారణా లేకుండా స్వేచ్ఛగా తిరిగాడు. అంటే నేరం కన్నా ముందే నేరారోపణ పుట్టింది. ఇంత పచ్చి మోసం కనబడనంత మొద్దు ఎవడుంటాడు, కనబడిందని చెప్పేంత ధైర్యం ఎవడికుంటుంది అని తనలో తను అనుకుని వెళ్ళిపోతాడు.

ఏటా ఈ రంగం క్లాసులో ఎవరో ఒకరి చేత మెల్లగా చదివించేదాన్ని. పదకొండు, పదకొండు, ఐదు అని లెక్క కుదిరే చోట క్లాసు నిశ్శబ్దమైపోయేది. రాతకోతలు చేసుకుని బతికే ఒక మామూలు గుమాస్తాకి రిచర్డ్ అబద్ధం తెలిసిపోయింది. పట్టుకున్నది కత్తితో కాదు, గంటల లెక్కతో. రిచర్డ్ ఇంకా రాజు కూడా కాలేదు, అప్పటికే అతని మాటలోని కల్తీ వీధిలోకి వచ్చేసింది. పతనం ఎక్కడ మొదలైందని నన్నడిగితే ఈ పద్నాలుగు పంక్తుల మీద వేలు పెడతాను.

ఆ వెంటనే 7వ రంగం. లండన్ నగరసభ గిల్డ్‌హాల్‌లో జనం ఏమన్నారని రిచర్డ్ ఆత్రంగా అడుగుతాడు. జనాన్ని ఒప్పించడానికి అక్కడికి వెళ్ళొచ్చిన అతని కుడిభుజం బకింగ్‌హామ్ చెప్పే జవాబు: నోరు విప్పలేదు ప్రభూ, ఊపిరి తీసే రాళ్ళలా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పాలిపోయారు. చివరికి హాలు వెనక చివర్లో మనవాళ్ళే ఓ పదిమంది టోపీలు ఎగరేసి ‘రిచర్డ్ రాజుకి జై’ అంటే, జనమంతా అన్నట్టే కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను. తర్వాత రిచర్డ్ ఇద్దరు బిషప్పుల మధ్య ప్రార్థన పుస్తకం పట్టుకుని మేడ మీద నిలబడటం, వద్దు వద్దంటూ కిరీటం ఒప్పుకోవడం మీకు తెలిసిందే. నటన అద్భుతంగా పండిందని చాలామంది రాస్తారు. జనం వైపు నుంచి చూస్తే నాకలా అనిపించదు. గిల్డ్‌హాల్‌లో వాళ్ళు నమ్మలేదు, ఎదిరించలేదు, నోరు మూసుకున్నారు. ఆ మౌనాన్ని సమ్మతి అనుకుని దాని మీద సింహాసనం వేసుకున్నాడు.

ఇక మీరు అడిగిన మలుపు, 4వ అంకం 2వ రంగం. రిచర్డ్ బకింగ్‌హామ్ చెయ్యి పట్టుకుని సింహాసనం ఎక్కుతాడు. కూర్చున్నాక తొలి మాటల్లోనే ఈ వైభవం ఒక్క రోజేనా, లేక నిలుస్తుందా అనే ప్రశ్న. తర్వాత, ‘చిన్న ఎడ్వర్డ్ బతికే ఉన్నాడు. నేనేం చెప్పబోతున్నానో ఆలోచించు’ అంటాడు. ఇన్నాళ్ళూ సగం మాటకే పూర్తి అర్థం అందుకున్న బకింగ్‌హామ్, ‘చెప్పండి ప్రభూ’ అంటాడు. ‘నేను రాజుని కావాలంటున్నాను.’ ‘మీరు రాజే కదా.’ ఇంకో సైగ చేస్తాడు, అందదు. చివరికి రిచర్డ్ విప్పి చెప్పాల్సి వస్తుంది: ‘నువ్వు ఇంత మందమతివి కావే. ఆ పిల్లలు చావాలి. వెంటనే జరగాలి. ఏమంటావు, త్వరగా చెప్పు.’ బకింగ్‌హామ్ జవాబు: ‘తమ ఇష్టం ప్రభూ.’

ఇది పిల్లల చేత చదివించినప్పుడు రిచర్డ్ వేసిన అబ్బాయి ఒకడు ఆగిపోయి, ‘మేడమ్, మొదటిసారి వీడు అడుక్కుంటున్నాడు’ అన్నాడు. నిజం. అంతదాకా రిచర్డ్ పని చెప్పనక్కర్లేకుండా జరిగేది. ఇప్పుడు చెప్పినా జరగడం లేదు. కొంచెం ఊపిరి తీసుకోనివ్వండని బకింగ్‌హామ్ బయటికి పోతాడు. రాజు పెదవి కొరుక్కుంటున్నాడని కేట్స్‌బీ పక్కవాడితో అంటాడు. లోపలిది దాచుకోవడమే విద్యగా బతికినవాడి మొహం నౌకర్లు చదివేసే స్థితికి వచ్చింది. వెంటనే డబ్బు కోసం ఏదైనా చేసేవాడు ఎవడున్నాడని ఒక కుర్రవాణ్ణి అడిగి, టిరెల్‌ని పిలిపించి, పిల్లల హత్య అప్పగిస్తాడు. ఎలా చెయ్యాలో టిరెల్ చెవిలో చెబుతాడు. మనకి వినబడదు. మొదటి అంకంలో ప్రతి కుట్రా మనతో పంచుకున్నవాడు మన దగ్గర కూడా గొంతు తగ్గించాడు.

బకింగ్‌హామ్ తిరిగొచ్చి, తనకిస్తానన్న హియర్‌ఫోర్డ్ జాగీరు అడుగుతాడు. రిచర్డ్ వినడు. రిచ్‌మండ్ రాజవుతాడని ఆరో హెన్రీ చెప్పిన జోస్యం తలుచుకుంటాడు, గంటెంతైందని అడుగుతాడు, చివరికి ‘ఇవాళ ఇచ్చే మూడ్‌లో లేను’ అని లేచిపోతాడు. మీ పుస్తకంలో ఆ గడియారం మాటలు లేకపోతే కంగారుపడకండి. అవి 1597 నాటి క్వార్టోలో (ఈ ఒక్క నాటకం అచ్చయిన చిన్న పుస్తకంలో) ఉన్నాయి, 1623 ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటిలో) లేవు. ఇక్కడ రిచర్డ్ చేసింది క్రూరమైన పని అని రాస్తే సరిపోదు, తెలివితక్కువ పని అని కూడా రాయండి. మన భాషలో చెప్పాలంటే కూర్చున్న కొమ్మ నరుక్కున్నాడు. నువ్వు నాకు రాజ్యం ఇప్పించినా నా మాట నీళ్ళమూటేనని మిగతావాళ్ళందరి ముందూ చెప్పినట్టయింది. హేస్టింగ్స్ గతి గుర్తొచ్చి బకింగ్‌హామ్ పారిపోతాడు.

నా మటుకు నాటకానికి గుండెకాయ 4వ అంకం 4వ రంగం. చాలా పొడవుగా ఉంటుందని ప్రదర్శనల్లో కోసేస్తారు, పరీక్షకి చదివేవాళ్ళు దాటేస్తారు. దయచేసి దాటెయ్యకండి. టవర్‌లో ఇద్దరు పిల్లల్నీ చంపించాక, ఆ పిల్లల తల్లి ఎలిజబెత్ దగ్గరికే వచ్చి, నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యమంటాడు. యాన్ రంగాన్నే మళ్ళీ ఆడబోతున్నాడు. ఒట్టు వేస్తానంటాడు. దేని మీద అని ఆమె అడుగుతుంది. నా కిరీటం మీద. అది దొంగిలించినది. నా మీద. నిన్ను నువ్వే పాడుచేసుకున్నావు. లోకం మీద. దాన్నిండా నీ పాపాలే. నా తండ్రి చావు మీద. నీ బతుకు దానికి మచ్చ తెచ్చింది. పోనీ దేవుడి మీద. అందరికన్నా ఎక్కువ అన్యాయం చేసింది ఆయనకే. నువ్వు పాడుచెయ్యనిది ఏదైనా ఉంటే దాని మీద ఒట్టెయ్యి అంటుంది. అన్నీ అయిపోయి, రాబోయే కాలం మీద అంటాడు. దాన్ని కూడా గడిచిన కాలంలోనే చెరిపేశావు, నువ్వు చంపినవాళ్ళ పిల్లలు ఆ కాలంలోనే కదా ఏడవాలి అంటుంది.

ఒట్టు వేయడానికి ఏమీ మిగలని మనిషి. ఇంతకన్నా స్పష్టంగా పతనాన్ని ఎవరు చూపించగలరు? యుద్ధం ఇంకా ఒక అంకం దూరంలో ఉంది.

ఎలిజబెత్ ఒప్పుకుందా లేదా అని అందరికీ అనుమానమే. ఓ ఏడాది ఆ పాత్ర చదివిన అమ్మాయి పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ‘ఒప్పుకున్నట్టు ఒక్క మాట లేదు మేడమ్’ అంది. కలిసి వెతికాం. ఆమె అన్నదల్లా, వెళ్తున్నాను, ఉత్తరం రాయి, నా కూతురి మనసు తెలియజేస్తాను అనే. రిచర్డ్ మాత్రం ఆమె వెనక్కి తిరగ్గానే కరిగిపోయిన మూర్ఖురాలు, మాట నిలకడలేని ఆడది అని తేల్చేస్తాడు. ఆ తర్వాతి చిన్న రంగంలోనే, కూతుర్ని రిచ్‌మండ్‌కి ఇవ్వడానికి ఆమె ఒప్పుకుందని రిచర్డ్ కొలువులోని ప్రభువు స్టాన్లీ అతనికి రహస్యంగా కబురు పంపుతాడు. ఇతరుల్ని మాటలతో మోసగించడంలో ఆరితేరినవాడు మొదటిసారి ఒక మాటకి తనే మోసపోయాడు, అదీ గెలిచాననుకుంటూ. ఆ అమ్మాయి చెప్పాక నేను ఈ రంగాన్ని మళ్ళీ పాత పద్ధతిలో చెప్పలేదు.

పెళ్ళి అడిగిన ఆ 4వ రంగంలోనే, రిచ్‌మండ్ దండెత్తి వస్తున్నాడన్న వార్తలు వచ్చిపడతాయి. కేట్స్‌బీని తన పక్షాన ఉన్న నార్‌ఫోక్ డ్యూక్ దగ్గరికి పరిగెత్తమంటాడు, అతను కదలకపోతే తిడతాడు. ఏం చెప్పాలో మీరింకా చెప్పలేదు ప్రభూ అంటాడు కేట్స్‌బీ. ఇంకో అనుచరుడు రాట్‌క్లిఫ్‌ని సాల్స్‌బరీ వెళ్ళమని, మరుక్షణమే మనసు మార్చుకుంటాడు. మూడో దూత మాట పూర్తిచెయ్యకముందే, చావుపాటలు తప్ప మీకింకేం రావా అని కొడతాడు. ఆ దూత తెచ్చింది శుభవార్త. వరదలకి, తిరగబడ్డ బకింగ్‌హామ్ సైన్యం చెల్లాచెదురైందని. కొట్టినందుకు డబ్బు సంచి ఇస్తాడు. మాటల మనిషికి తన మాటే మర్చిపోవడం, ఎదుటివాడి మాట పూర్తిగా వినకముందే చెయ్యెత్తడం, ఈ రెండూ ఒకే చోట పెట్టడం ఊరికే జరగలేదు.

ఇప్పుడు మీరిచ్చిన కారణాలు ఒక్కొక్కటి చూద్దాం. శాపం అనగానే మనకి గాంధారి గుర్తొస్తుంది, యాదవకులం మీద పడ్డట్టు శాపం బయటి నుంచి వచ్చి పడుతుందనుకుంటాం. మార్గరెట్ మొదటి అంకంలో రిచర్డ్‌ని ఏమని శపించిందో మళ్ళీ చదవండి. స్నేహితుల్ని ద్రోహులని అనుమానిస్తావు, ద్రోహుల్ని ప్రాణస్నేహితులనుకుంటావు, నిద్రపట్టదు. అందులో పిడుగు లేదు, రోగం లేదు. అబద్ధంతో బతికేవాడికి చివరికి ఏమవుతుందో ముందే చెప్పింది, అంతే. అంతరాత్మ సంగతికొస్తే, అది ఐదో అంకంలో హఠాత్తుగా మేల్కోలేదు. పట్టాభిషేకానికి రమ్మని పిలుపొచ్చినప్పుడే యాన్ చెబుతుంది, అతని పక్కన ఒక్క గంట కూడా కంటినిండా నిద్రపోలేదు, అతని భయంకరమైన కలలకి ఉలిక్కిపడి లేచేదాన్నని. రిచ్‌మండ్ బలం అంటారా, అతను ఈ నాటకంలో రంగస్థలం మీదికి వచ్చేదే 5వ అంకం 2వ రంగంలో. అతని దగ్గర ఉన్నది మహా అయితే ఆరేడు వేలమందని నార్‌ఫోక్ చెబితే, మనం మూడింతలున్నాం, పైగా రాజు అనే పేరే కోటబురుజు అంటాడు రిచర్డ్. అప్పటికీ పేరు మీదే, మాట మీదే భరోసా. అవతల రిచ్‌మండ్ పక్షాన ఉన్న బ్లంట్ అన్న మాట దీని పక్కన పెట్టుకోండి: భయంతో స్నేహితులైనవాళ్ళు తప్ప అతనికి స్నేహితులే లేరు, అవసరం పడ్డప్పుడు వాళ్ళే వదిలేస్తారు.

యుద్ధం ముందు రాత్రి పదకొండుమంది ప్రేతాలై వస్తారు. ‘నిరాశతో చావు’ అని ఒక్కొక్కరూ చెప్పి పోతారు. ఉలిక్కిపడి లేచి మాట్లాడే స్వగతం నాటకానికి మొదట్లో ఉన్నదాని పక్కన పెట్టి చదవండి. అప్పుడు మనతో మాట్లాడాడు, వాక్యాలు నిండుగా సాగాయి. ఇప్పుడు తనతో తనే మాట్లాడుకుంటున్నాడు, వాక్యాలు ముక్కలు ముక్కలు. ‘దేనికి భయం? నాకా? ఇక్కడ ఇంకెవరూ లేరే. హంతకుడెవడైనా ఉన్నాడా? లేడు. ఉన్నాడు, నేనే.’ నన్ను ప్రేమించే ప్రాణి లేదు, చస్తే జాలిపడేవాడు లేడు అంటాడు. ప్రేక్షకులమైన మనం కూడా ఎప్పుడో అతని పక్కనుంచి లేచి వెళ్ళిపోయామని అక్కడ తెలుస్తుంది. తర్వాత అతను చేసే పని చూడండి: ఎవరైనా జారుకుంటారేమో విందామని రాట్‌క్లిఫ్‌ని తీసుకుని సొంత సైనికుల డేరాల పక్కన చెవొగ్గి నిలబడటానికి బయల్దేరతాడు. తెల్లవారాక నార్‌ఫోక్ డేరా మీద ఎవరో కాగితం అంటించిపోయారు, నీ యజమానిని ఎప్పుడో అమ్మేశారని.

‘గుర్రం, గుర్రం, గుర్రానికి నా రాజ్యం’ గురించి ఒక్క మాట, ఎందుకంటే దీన్ని చాలామంది తప్పుగా రాస్తారు. పారిపోవడానికి అడగలేదు. పక్కకి తప్పుకోండి ప్రభూ, గుర్రం నేను తెస్తానని కేట్స్‌బీ అంటే, ప్రాణం పందెం వేశాను, పాచిక ఎలా పడితే అలా పడనీ అంటాడు. రిచ్‌మండ్‌లా కనబడ్డ ఐదుగుర్ని చంపి, అసలువాణ్ణి వెతుకుతున్నాడు. పిరికివాడిగా చావలేదు. ఆ గౌరవం షేక్‌స్పియర్ అతనికి దక్కనిచ్చాడు, మనమూ ఇవ్వాలి.

చరిత్రని నాటకంతో కలపకండి. అసలు రిచర్డ్ రాజ్యం చేసింది 1483 జూన్ 26 నుంచి 1485 ఆగస్టు 22న బాస్వర్త్‌లో చనిపోయేదాకా, చనిపోయేనాటికి 32 ఏళ్ళు. నాటకంలో రిచర్డ్ చంపించే అన్న క్లారెన్స్‌కి నిజానికి 1478లో మరణశిక్ష పడింది పెద్దన్న నాలుగో ఎడ్వర్డ్ హయాంలో. మార్గరెట్ 1482లోనే ఫ్రాన్సులో చనిపోయింది, ఆమెని ఈ కథలోకి తెచ్చింది నాటకకర్తే. 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికిన అస్థిపంజరంలో వెన్ను వంకర నిజంగానే ఉంది, చచ్చుబడిన చెయ్యికి మాత్రం ఆధారం లేదు. 2015లో లెస్టర్ కెథెడ్రల్‌లో తిరిగి ఖననం చేశారు. గెలిచిన ఏడో హెన్రీ మనవరాలు మొదటి ఎలిజబెత్ రాజ్యంలో ఈ నాటకం ఆడారన్నది కూడా గుర్తుంచుకుని, అసలు మనిషి మీద తీర్పు చెప్పే పని చరిత్రకారులకి వదిలేయండి.

చివరిగా ఆ ఆజ్ఞ దగ్గరికి వస్తాను. స్టాన్లీ కదలకుండా ఉండటానికి అతని కొడుకు జార్జిని రిచర్డ్ తన దగ్గర బందీగా పెట్టుకున్నాడు కదా. యుద్ధం మొదలయ్యే వేళ, సైన్యం తీసుకుని రానని స్టాన్లీ కబురు పంపుతాడు. రిచర్డ్ వెంటనే, ‘వాడి కొడుకు తల తీసెయ్యండి’ అంటాడు. హేస్టింగ్స్ విషయంలో అన్న మాటే. అప్పుడు భోజనం వేళకి తల వచ్చింది. ఇప్పుడు నార్‌ఫోక్, శత్రువు చిత్తడినేల దాటేశాడు ప్రభూ, ఆ పని యుద్ధం అయ్యాక చూద్దాం అంటాడు. రిచర్డ్ మళ్ళీ ఆ మాట ఎత్తడు. అతను చనిపోయాక స్టాన్లీ కిరీటం తెచ్చి రిచ్‌మండ్ తల మీద పెడితే, కొత్త రాజు దేవుణ్ణి తలుచుకుని వెంటనే అడిగే ప్రశ్న జార్జి స్టాన్లీ బతికున్నాడా అని. ఉన్నాడు ప్రభూ, లెస్టర్ పట్టణంలో క్షేమంగా ఉన్నాడు అంటాడు తండ్రి.